తలకిందుల తంగేడు

ఈసారి బతుకమ్మకు సూరత్‌లో మా గోడాదరా గల్లీ ఆడవాళ్ళ చీరల అంచు మీద తంగేడు పూలు తలకిందులుగా ఎందుకు పూసినయని నన్ను అడగని మనిషి లేదు. అందరికీ ఒకటే జవాబు చెప్పిన: "అది డిజైన్!" జర గొంతు పెంచి చెప్పిన. నా గొంతు పెరిగితే ఎదుటోళ్ళు రెండో ప్రశ్న అడగరు, అది నాకు చిన్నప్పటి నుంచి ఉన్న సౌలత్. కానీ ఇప్పుడు చాయ్ చేతిలో ఉంది, మీరంతా నావాళ్ళే, దాచి ఏం చేస్త? అది డిజైన్ కాదు. నా తెలివి.

ఆ తెలివి కూడా ఉత్తగ రాలే. పుస్తకం చదివి తెచ్చుకున్న!

నా చదువు సంగతి మీకు ఎరుకే. సిరిసిల్లలో ఆరో తరగతి సగం. ఆ సగంలో ఉండంగనే బాపు మమ్మల్ని సూరత్ రైలెక్కించిండు. ఇక్కడికొచ్చినంక బడి లేదు, సాంచెల కార్ఖానాలో, అదే మరమగ్గాల కాడ, నూలు కండెలు చుట్టుడే. కానీ డిండోలి రోడ్డు మీద ఒక రద్దీ కాగితాల దుకాణం ఉండె. పాత పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేటోడు. నన్ను చదివించింది పంతులు కాదు, ఆ దుకాణపోని తరాజు. వంటల పుస్తకం, వకీళ్ళ పుస్తకం, గుండె జబ్బుల పుస్తకం, ఏది బరువు తక్కువుంటే అది తెచ్చుకున్న. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా అట్లనే కొరికి కొరికి మింగిన. అట్ల తెచ్చుకున్నదాంట్లోనే ఒకటి కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టముల పుస్తకం. అట్ట లేదు. మొదటి ముప్పై పేజీలు లేవు. అయినా అది మా ఇంట్లో ఉండాల్సిన పుస్తకమే, ఎందుకంటే అప్పటికే మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది.

కంప్యూటర్ ఎందుకంటే, బాపు సాంచె మీద నుంచి డిజైన్లలోకి మారిండు. జకార్డు చీర మీద పువ్వు నేయాలంటే ముందుగాల గ్రాఫ్ కాగితం మీద గడులు నింపాలె. ఒక గడి అంటే ఒక పోగు. బాపు చెయ్యి గీతలకు, డబ్బాలకు బాగుండేది. పువ్వు గీస్తే మాత్రం గోబీ తీరు వచ్చేది. పూలు అమ్మ గీసేది. రొట్టెలు చేసే పీట బోర్లేసి, దాని మీద గ్రాఫ్ కాగితం పరిచి, ఎర్ర ఇంకుతో ఒక్కో గడి నింపేది. కూర మాడేది. మాడిన కూర తింటూ బాపు అనేటోడు, "తంగేడు ఎంతవరకొచ్చింది?" అమ్మ చెప్పేది, "రెండు రేకులు."

ఆ తంగేడు అంచే మా గల్లీ బతుకమ్మ చీరకు గుర్తు. ఇక్కడికొచ్చిన మనోళ్ళందరికీ ఇల్లు వేరు, ఊరు వేరు, కార్ఖానా వేరు. పండుగ నాడు మాత్రం అంచు ఒకటే. ఒక వానకాలం నీళ్ళు ఇంట్లోకొచ్చి ఆ గ్రాఫ్ కాగితం ఎర్ర చెట్నీ అయిపోయింది. నయం, అప్పటికే మహేశ్‌భాయ్ దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించిండు.

మహేశ్‌భాయ్ ఎవరంటే, మా ప్రోగ్రాం రాసినాయన. సూరతీ మనిషి, ఈత బద్ద లెక్క ఉండేటోడు. సాయంత్రం నాలుగింటికి వచ్చి ప్లాస్టిక్ స్టూలు మీద కూసుండి, అమ్మ చేసిన సర్వపిండి తింటూ, బాపును ప్రశ్నలడుగుతూ ప్రోగ్రాం రాసేటోడు. కీబోర్డుకు నూనె అంటితే లుంగీకి తుడిచేటోడు. లుంగీ బాపుది.

ఒకరోజు అడిగిండు, "కాకా, పువ్వు నేసేటప్పుడు సాంచె ఎట్ల ఆలోచిస్తది?"

బాపు నవ్విండు. "సాంచె ఏడ ఆలోచిస్తది భయ్యా! అది ఉత్త మొద్దు. 'లే' అంటది, గంతే. ఎప్పుడు లేవాల్నో, ఎప్పుడు పండాల్నో పోగుకే ఎరుక."

మహేశ్‌భాయ్ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డడు. చేతిలో సర్వపిండి ముక్క అట్లనే ఉంది. "కాకా! నేను రెండేండ్లు చదివింది మీరు ఒక్క మాటలో చెప్పిన్రు!"

అప్పుడు మాకు విప్పి చెప్పిండు. పాత తీరు ప్రోగ్రాం అంటే ఒక పెద్ద ముద్ద అట. అన్నీ దానికే తెలవాలె. ఆయన రాసేది అట్ల కాదట. అంచు ఒక వస్తువు, చీర నడుమ ఉండే బుటా పువ్వు ఒక వస్తువు, కొంగు ఒక వస్తువు. ప్రతి వస్తువుకూ తన సామాను తన దగ్గరే ఉంటది, తన పని తనకే తెలిసి ఉంటది. ప్రోగ్రాం లేచినంక ఒక్కోదాన్ని పిలిచి "నువ్వు లోడ్ అవ్వు" అంటది. ఎట్ల కావాల్నో చెప్పదు, అది ఆ వస్తువుకే ఎరుక. "నాకు ఫలానాది కూడా తోడు కావాలె" అని ఆ వస్తువే అడుగుతది. అడిగినదాన్ని వెతికి పట్టుకొచ్చి, పేరుకు పేరు ముడి వేసేదాన్ని లింకర్ అంటరట.

బాపు బీడీ ఆర్పి, "అంటే అచ్చు అతికేటోడు" అన్నడు.

ఇది మన నేతోళ్ళకు చెప్పే పని లేదు, తెలియనోళ్ళ కోసం చెప్తున్న. సాంచె మీద బీమ్‌కు, అంటే పెద్ద రోలుకు, చుట్టిన నూలు అయిపోయినంక పాత పోగులు మొత్తం గుంజి పారెయ్యం. అచ్చు అంటే పోగులు దూరే సన్న పళ్ళ చట్రం, దాంట్లో జానెడు కొసలు ఉంచుతం. కొత్త బీమ్ పోగులను ఒక్కొక్కటి ఆ పాత కొసలకు ముడేస్తం. మెల్లగ గుంజితే, పాత పోగే కొత్త పోగును ఏ సందులోంచి పోవాల్నో ఆ సందులోంచి తోలుకపోతది. అదే అచ్చు అతుకుడు. ఆనాటి నుంచి మా ఇంట్లో లింకర్ అనే మాట లేదు. ప్రోగ్రాం తెరుచుకోవడం ఆలస్యమైతే "అచ్చు అతుకుతున్నది, ఆగు" అనుకునేటోళ్ళం.

బాపు పోయి చాలా ఏండ్లయింది. మహేశ్‌భాయ్ ఏ ఊరు పోయిండో, ఫోన్ నంబర్ కలవదు. ఆ కంప్యూటర్ మాత్రం ఇంకా ముందటి గదిలో, అమ్మ పాత జాకెట్ గుడ్డ కప్పుకుని కూసున్నది. దాని ఫ్యాన్ చప్పుడు వింటే నాకిప్పటికీ సర్వపిండి వాసనొస్తది.

ఇగ నా ఘనకార్యం దగ్గరికొద్దాం.

పోయిన నెల, మంగళవారం పొద్దున్నే వడోద్ నుంచి సత్తయ్య ఫోన్ చేసిండు. మా చీరలు నేసేది ఆయనే. "సరోజక్కా, బతుకమ్మ బీమ్ ఎక్కింది. అచ్చు అతికిన్రు. నాలుగు గంటల వరకు తంగేడు డిజైన్ పెన్ డ్రైవ్‌ల పంపు. లేకుంటే సేట్ ఇంకో పార్టీ డిజైన్ ఎక్కిస్తనంటున్నడు. ఎక్కిచ్చిండంటే పండుగ దాంక సాంచె మనకు దొరకది."

"నాలుగెందుకు? పన్నెండుకే పంపుత" అన్న.

నిజంగానే పావుగంట పని. ప్రోగ్రాం తెరవాలె, తంగేడు తీయాలె, పెన్ డ్రైవ్‌లో వేయాలె. గంతే. కానీ నాకు టైం మిగిలింది. నాకు టైం మిగిలితే ప్రపంచానికి కష్టకాలం.

ఆ వారం నేను ఆ అట్ట లేని పుస్తకం మళ్ళీ తీసిన. అప్పుడెప్పుడో మహేశ్‌భాయ్ వచ్చే రోజుల్లో ఒకసారి చదివిన, ఇప్పుడు మళ్ళీ లోడింగ్, లింకింగ్ చాప్టర్ మొదలుపెట్టిన. అందులో ఒక మాట మస్తు నచ్చింది: కొత్త వస్తువు, పాత వస్తువు చేసే పనులన్నీ అవే పేర్లతో చేస్తే, పాతదాని జాగాలో కొత్తదాన్ని కూసోబెట్టొచ్చు, పిలిచేటోళ్ళకు తేడా కూడా తెలియది. ఆహా! ఆ తర్వాతి రెండు పేజీలు ఎప్పటిదో చాయ్ మరకకు ఒకదానికొకటి అతుక్కపోయినయి. వాటిని విడదీసే ఓపిక లేక తిప్పేసి ముందటికి పోయిన. గుర్తుపెట్టుకోండి, ఆ రెండు పేజీలు.

ఆ మంగళవారం, సత్తయ్య ఫోన్ పెట్టేసి అది చదువుతుండంగనే మా జిగ్నాబెన్ చాయ్‌కు వచ్చింది. డిండోలిలో ఆమెకూ చిన్న డిజైన్ దుకాణం ఉంది, మహేశ్‌భాయ్ ఆమెకూ ఇదే ప్రోగ్రాం ఇచ్చిండు. మేము మాట్లాడుకునేది సగం హిందీ, సగం గుజరాతీ, మీకోసం తెలుగులో చెప్తున్న. అంతకుముందు రోజే నేను వాళ్ళ దుకాణంలో కంప్యూటర్ చూసిన. ఒక్కో ఫైలుకు అయిదయిదు కాపీలు! ఆ కోపం ఇంకా దిగలే.

"జిగ్నా, నీ కంప్యూటర్ వాసన చూస్తే మున్సిపాలిటీ బండి వచ్చి నీ దుకాణం ముందల ఆగుతది. ఒక్కటే ప్రోగ్రాంకు అయిదు కాపీలేందే?"

ఆమె బిస్కెట్ ముంచుకుంటూ, "రహేవా దో నే బెన్" అన్నది, ఉండనియ్యరాదూ అని. "తిండి అడుగుతున్నయా? బట్టలు అడుగుతున్నయా?"

"చదువు లేనోళ్ళ మాట ఇది! పుస్తకంలో ఏం రాసిన్రో ఎరుకేనా?" అని నా కొత్త జ్ఞానం మొత్తం ఆమె చాయ్‌లో పోసిన. పాపం, బీకాం చదివిన మనిషి. కప్పు కడిగి పెట్టి పోయింది.

ఆమె పోయినంక నా కంప్యూటర్ తెరిచిన. ప్రోగ్రాం ఫోల్డర్‌లో చూస్తే రెండు ఫైళ్ళు కనబడ్డయి. ఒకటి 'బార్డర్'. ఇంకోటి 'బార్డర్ టూ'. పాతది, కొత్తది. ఛీ, నా ఇంట్లో కూడా కచరా! పొద్దున లేచి జిగ్నాకు నీతులు చెప్పిన దాన్ని! పుస్తకం ఏమన్నది? కొత్తది ఉంటే పాతది అక్కర్లేదన్నది. బార్డర్‌ను పట్టుకుని డిలీట్ కొట్టిన. చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యాల్నా అని అడిగింది. "చెయ్!" అని పైకే అన్న. కాగితం నలిపినట్టు ఒక చప్పుడొచ్చింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

తర్వాత ప్రోగ్రాం తెరిచిన.

చిన్న డబ్బా ఒకటి లేచింది. బార్డర్ దొరకలేదట. కింద ఒకటే బటన్, ఓకే. నాకు ఓకే కాదమ్మా అని చెప్పడానికి ఇంకో బటనే లేదు! నొక్కిన. ప్రోగ్రాం మూసుకపోయింది. మళ్ళీ తెరిచిన. మళ్ళీ అదే డబ్బా. పదకొండు సార్లు నొక్కిన. కంప్యూటర్ ఆపి, మొక్కి, మళ్ళీ పెట్టిన. అదే డబ్బా.

అయితే నేనేమన్న తక్కువదాన్నా? బార్డరే కావాల్నా నీకు? ఇగో ఇస్త! అని బార్డర్ టూ పేరు మార్చి బార్డర్ అని పెట్టిన. ఈసారి డబ్బా రాలే. గెలిచిన అనుకున్న. కానీ ప్రోగ్రాం కూడా రాలే. ఫ్యాన్ మొదలైంది. మెల్లగ, తర్వాత జోరుగ, తర్వాత విమానం ఎగిరినట్టు. మౌస్ కదలది. అక్షరం పడది.

అప్పుడు తల గోడకు ఆనిచ్చి కూసుండి ఆలోచిస్తే వెలిగింది. బార్డర్ టూ అనేది బార్డర్‌కు సాటి కాదు, బిడ్డ. మహేశ్‌భాయ్ దాంట్లో కొత్తగ నేర్పినవి రెండు మూడు పనులే. మిగతావి ఎవరన్న అడిగితే అది పోయి తల్లిని అడుగుతది. ఆ తల్లిని నేను డిలీట్ చేసిన! పైగా తల్లి పేరు బిడ్డకు పెట్టిన. ఇప్పుడు అది "అమ్మా" అని పిలుస్తున్నది, తనకు తానే పలుకుతున్నది, మళ్ళీ "అమ్మా" అంటున్నది. ఫ్యాన్ చప్పుడు ఉత్త చప్పుడు కాదు, ఏడుపు.

టైం పన్నెండు దాటింది.

గడప కాడ మెంతికూర ఏరుకుంటున్న మా అమ్మ తలెత్తింది. "ఏమాయెనే సరోజా? గా డబ్బా గంతగనం మొత్తుకుంటున్నదేంది?"

"ఏం లేదమ్మా, వేడెక్కింది."

"ఎవలు? అదా, నువ్వా?"

చెప్పక తప్పలే. ఫైలు, డిలీట్ అనే మాటలు అమ్మకు అక్కరకు రావు. అందుకే అన్న, "పాత అంచు ప్రోగ్రాం తీసేసిన అమ్మా. కొత్తది ఉన్నది గదా అని. ఇప్పుడు కొత్తది కూడా లేస్తలేదు. నీ తంగేడు లోపలనే ఉన్నది. తీయొస్తలేదు."

అమ్మ చేతిలో మెంతికూర కట్ట ఆగింది. నా మొహం చూసి అడిగింది, "అచ్చు కోసినవా?"

ఆ మాటతోని నేను ముప్పై అయిదేండ్లు వెనక్కి పోయి పడ్డ.

అప్పుడు నాకు పన్నెండేండ్లు. దసరాకు కార్ఖానా సఫాయి చేస్తున్నం, సాంచెలకు పూజ అని. బాపు సాంచె మీద బీమ్ అయిపోయి ఉంది. అచ్చులో పాత పోగుల కొసలు జానెడు జానెడు వేలాడుతున్నయి, మురికి మురికిగ. పండుగ పూట ఇదేం అవతారమని కత్తెర తెచ్చి టకటక కోసి, మిగిలిన ముక్కలు కూడా గుంజి, అచ్చు అద్దం లెక్క తుడిచి, పసుపు బొట్టు పెట్టిన. బాపు వచ్చి చూసిండు. కొడతడనుకున్న. కొట్టలే. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కింద కూసున్నడు. తర్వాత ఆయనా, ఇంకో నలుగురూ మూడు దినాలు కూసుండి వేల పోగులు ఒక్కొక్కటి సూదితోటి ఆ పళ్ళలో దూర్చిన్రు. నేను పక్కన కూసుండి పోగులు అందిచ్చిన. మూడో దినం బాపు నాతోని ఒకటే మాటన్నడు. "బిడ్డా, పాత కొస మురికిది కాదు. కొత్త బీమ్‌కు అదే తొవ్వ."

అదే దసరా కాలం. అదే సఫాయి పిచ్చి. కత్తెర ఒక్కటే మారింది.

"మళ్ళా గీయనీకి నాకు కండ్లు లేవు బిడ్డా" అన్నది అమ్మ. కోపంతోని కాదు. రెండు కండ్లకూ మోతి, అదే శుక్లాల ఆపరేషన్ అయినా, గడులు లెక్కపెట్టుడు ఆమెతోని కాదు. ఆ మాట చెప్పి మళ్ళీ మెంతికూర అందుకున్నది. కానీ ఆకులు ఇటు, కాడలు అటు వేసేది పోయి రెండూ ఒకటే గిన్నెలో వేస్తున్నది. తిట్టినా బాగుండు.

తనే అన్నది, "గా జిగ్నా కాడ ఉండదా? మహేశ్ గామెకు గూడ ఇచ్చిండు గద."

ఉంటది. అయిదు కాపీలుంటయి! పెన్ డ్రైవ్ మూత తీసుడు, పెట్టుడు చేసిన.

"ఏమే?"

"పొద్దున్నే జర... మాటన్న ఆమెను."

"ఏమన్నవ్?"

"మున్సిపాలిటీ బండన్న."

అమ్మ లేచి కొంగు దులుపుకున్నది. "నేను గూడ వస్త. నువ్వొక్కదానివి పోతే అడుక్కునే బదులు కొట్లాడి వస్తవ్."

ఆటోలో డిండోలి పోయినం. జిగ్నా దుకాణం మెట్ల మీదనే ఉంది. నన్ను చూసింది, నా వెనుక అమ్మను చూసింది, నా చేతిలో పెన్ డ్రైవ్ చూసింది. బీకాం చదివింది గదా, లెక్క కలిసిపోయింది.

"రండి రండి! మున్సిపాలిటీ బండి వచ్చిందా సరోజ్‌బెన్? నేను ఎప్పటిసంది ఎదురుచూస్తున్న!"

"జిగ్నా, జర టైం లేదు, నాలుగింటికి..."

"మొదలు చాయ్."

చాయ్ పెట్టింది. అల్లం దంచుడే పది నిమిషాలు దంచింది. ప్రతి దెబ్బకూ నా మొహం చూస్తూ దంచింది. అమ్మ మాత్రం నిమ్మలంగ కూసుండి, రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేయించుకున్నది.

"ఇప్పుడు చెప్పు, ఏం కావాలె?"

"బార్డర్ ఫైలు."

"ఏ బార్డర్? పాతదా? పుస్తకంలో పాతది అక్కర్లేదని రాసిన్రట గదా?"

"జిగ్నా!"

"చదువు లేనిదాన్ని బెన్, అందుకే అడుగుతున్న."

అమ్మ చాయ్ కప్పు కింద పెట్టి, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పింది. "జిగ్నా బేటీ, ఇస్కో మాఫ్ కరో. దీనికి దిమాక్ మస్తున్నది, పెట్టే జాగనే దొరకది."

నన్ను కాపాడటానికి అమ్మ వాడిన మాటలు చూసిన్రా!

జిగ్నా నవ్వుకుంటూ కంప్యూటర్ తెరిచింది. ఫోల్డర్ పేరు చూసి నాకు భూమిలోకి పోవాలనిపించింది. పొద్దున నా ఉపన్యాసం విని దుకాణానికొచ్చి, ఆ ఫోల్డర్‌కు కొత్త పేరు పెట్టింది: 'సరోజ్‌బెన్ కచరా'. అందులో అయిదు చిన్న ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో ఒక బార్డర్ ఉంది. "ఏది తీసుకోవాలె?" అంటే, "ఏదన్న తీసుకో, అన్నీ ఒకటే పేరు గదా" అన్నది. టైం చూస్తే రెండున్నర. అన్నిటికన్న పైన ఉన్నది గుంజుకుని పరుగెత్తినం.

ఇంటికొచ్చి ఆ ఫైలు పెట్టి, బిడ్డ పేరు బిడ్డకు వాపస్ ఇచ్చి, ప్రోగ్రాం నొక్కిన. ఫ్యాన్ జర సేపు గొణిగింది. అచ్చు అతుకుతున్నది. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడ్డది. తెర మీద మొదలు తెల్ల గడులు వచ్చినయి, తర్వాత ఒక పసుపు చుక్క, తర్వాత వరుసకు వరుస, తంగేడు!

అమ్మ మొహం తెరకు ఆనిచ్చి చూసింది. వేలు పెట్టి తడిమింది. "గిదో, గీ రేకుల ఒక గడి ఎక్కువ పడ్డది చూడు. నాడు కూర మాడుతున్నదని తొందరల గీసిన. మీ బాపు, 'ఉండనియ్, అసలు పువ్వుల మాత్రం అన్నీ సక్కగుంటయా' అన్నడు."

ఆ ఒక్క గడిని చూసి నేను ఏడ్చిన. నేను! మా గల్లీలో కుక్కలు కూడా నమ్మవు. ముక్కు తుడుచుకుంటూనే డిజైన్ పెన్ డ్రైవ్‌లో వేసి, అదే ఆటోలో వడోద్ పోయి, నాలుగుకు పది నిమిషాల ముందు సత్తయ్య చేతిలో పెట్టిన. ఆయన సాంచెకు పెట్టి నడిపిండు. ఆ టకటక చప్పుడు వింటూ అక్కడే పది నిమిషాలు నిలబడి, ప్రపంచాన్ని గెలిచినట్టు ఇంటికొచ్చిన.

రెండు రోజులైనంక సత్తయ్య మొదటి చీర పట్టుకుని వచ్చిండు. నవ్వుతలేడు.

"అక్కా, గిది... గిట్లనే ఉండాల్నా?"

చీర విప్పిన. అంచు తళతళ మెరుస్తున్నది. పూలు పసుపుపచ్చగ, గుత్తులు గుత్తులుగ. అన్నీ తలకాయలు కిందికేసి వేలాడుతున్నయి, గబ్బిలాల లెక్క.

సంగతేందంటే, జిగ్నా దగ్గరున్న అయిదిట్లో నేను గుంజింది అన్నిటికన్న పాతది. దాంట్లో మహేశ్‌భాయ్ అంచు పోగులను ఉల్టా దిక్కు నుంచి లెక్కపెట్టిండు. బాపు చూసి చెప్తే తర్వాత సరిచేసిండు. ఆ సరిచేసిందే నేను ముచ్చటగ నలిపి పారేసింది. పేరు అదే, పిలిస్తే పలుకుతది, పని కూడా చేస్తది. కానీ లోపల దాని దిక్కు వేరు. మరి తెర మీద కనబడలేదా అంటరా? అంచు పొడుగునా పోతది గదా, తెర మీద పూలు పక్కకు పండుకుని ఉంటయి. తలకాయ కుడికి ఉండాల్సింది ఎడమకుంది. కండ్లల్ల నీళ్ళు పెట్టుకుని చూసేటోళ్ళకు కుడేంది, ఎడమేంది!

"ఎన్ని దిగినయి?"

"సగం దాటినయి అక్కా. సాంచె ఆపితే సేట్..."

"ఆపకు" అన్న. ఇంకేమనాలె?

అమ్మకు ఎట్ల చెప్పాల్నో తెలవక చీర ఆమె ఒడిలో పెట్టి మూలకు పోయి నిలబడ్డ. అమ్మ తడిమి చూసింది. అంచును కండ్ల దగ్గరికి పట్టుకున్నది. లేచి, చీర నడుముకు చుట్టుకుని, కుచ్చిళ్ళు దోపుకుని, కిందికి చూసుకున్నది.

"సరోజా, ఇటు రా. వంగి చూడు. నా దిక్కు నుంచి."

ఆమె పక్కన నిలబడి, ఆమె తీరుగనే తల వంచి చూసిన. పూలు సక్కగ ఉన్నయి! కట్టుకున్న మనిషి కిందికి చూసుకుంటే తలలెత్తి, నేరుగ ఆమె మొహంలోకే చూస్తున్నయి.

అమ్మ మెల్లగ నవ్వింది. "ఇన్నేండ్లు ఎదురుంగ ఉన్నోళ్ళకు పూసినయే. నేను గీసిన నాడు పీట మీద నాకు గిట్లనే కనబడేటివి. మళ్ళా ఇన్నొద్దులకు చూస్తున్న."

బతుకమ్మ నాడు మా గల్లీ మొత్తం అదే చీర. చుట్టూ తిరుగుతూ, వంగి చప్పట్లు కొట్టిన ప్రతిసారి ఒక్కొక్కరూ తమ అంచు చూసుకుని ఆగుడు, పక్కదాన్ని పొడిచి చూపుడు. జిగ్నా కూడా అదే చీర కట్టుకుని వచ్చింది. నా చెవిలో అన్నది, "బెన్, పూలు ఉల్టా ఉన్నయి."

"అది డిజైన్."

"తెలుసు. నా కచరాలోంచి వచ్చిన డిజైన్." అని చప్పట్లు కొట్టుకుంటూ పోయింది. వచ్చే ఏడు కూడా ఇట్లనే కావాలని అప్పుడే అందరూ చెప్పేసిన్రు. అమ్మ ఎవరికీ అసలు సంగతి చెప్పలే. నన్ను చూసి నవ్వుడు మాత్రం ఆపలే.

అక్కడితో కథ అయిపోతే నా ఇజ్జత్ కొంచెమన్న మిగిలేది.

పండుగ అయిన తెల్లారి మనసొప్పక ఆ పుస్తకం మళ్ళీ తీసిన. చాయ్ మరకకు అతుక్కపోయిన ఆ రెండు పేజీలు గుర్తున్నయి గదా? చాయ్ గిన్నె ఆవిరి మీద పట్టి, మెల్లగ విడదీసిన. మొదటి వాక్యమే ఉంది: పాత వస్తువును తీసే ముందు, దాన్ని ఇంకా ఎవరెవరు పిలుస్తున్నరో కనుక్కోవాలె, దాని నుంచి పుట్టినవి ఏవైనా ఉన్నయేమో చూసుకోవాలె. సరే, పుస్తకం తప్పు లేదు.

ఆ పక్కన ఖాళీ జాగాలో పెన్సిల్‌తో తెలుగులో ఏదో రాసి ఉంది. రద్దీలో కొన్న పుస్తకంలో తెలుగు ఎవరు రాసిన్రబ్బా అని అద్దాలు పెట్టుకుని చూసిన. ఆ రోజుల్లో ఏదన్న మాట మనసుకు తగిలితే పక్కన నా అభిప్రాయం రాసుడు నాకు అలవాటు, కింద సంతకం పెట్టుడు ఇంకో అలవాటు.

"బాపు చెప్పింది ఇదే! పాత అచ్చు కోయొద్దు. ఒకసారి కోసి, మళ్ళీ ఇది చదివి కూడా కోసేటిది శుద్ధ గాడిద."

కింద సంతకం. గుండ్రంగ, ముద్దుగ, ఒక గీత కూడా కొట్టి: సరోజ.